మాట ఆగే వీధి

సోమవారం

ఈ వారం టూరిస్టుల కోసం వేసే పేజీకి రాసింది ఇక్కడ కూడా దించుకుంటున్నాను. హోటళ్ల సంఘం ప్రెసిడెంటు కత్తెర పట్టుకుంటే అందులో ఏం మిగులుతుందో చెప్పలేను.

“చూడదగ్గవి: మన బజారు వీధి. పైన గేటు ఎత్తే ముందు సైరన్ మోగుతుంది. అది మోగినంతసేపూ పక్కవాడి మాట వినపడదు కాబట్టి వీధిలో అందరూ ఉన్నపళంగా మాట ఆపేస్తారు. బేరమాడేవాళ్లు, తిట్టుకునేవాళ్లు, ఫోనులో ఉన్నవాళ్లు, అందరూ. సైరన్ ఆగగానే ఎక్కడ వదిలారో అక్కడి నుంచే అందుకుంటారు. సందర్శకులు దీన్ని ముచ్చటగా వీడియోలు తీసుకుంటున్నారు.”

నిజానికి సైరన్ మాకెవరికీ వినపడదు. ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ మోగేదాన్ని ఎవరు చెవిన పెడతారు? నోరు దానంతటదే మూతపడుతుంది. ఒకరిని చూసి ఒకరం ఆగుతాం. ఇది పేజీలో రాయలేదు.

వార్తలు: మెట్ల దారికి కొత్త రెయిలింగు. కోతులకు తిండి పెట్టవద్దని మనవి. వ్యూ పాయింటు దగ్గర ఒక గొడుగు దొరికింది. ఊళ్లో ఇంతకు మించి వార్తలు ఉండకూడదని ప్రెసిడెంటు అభిప్రాయం, జీతం ఇచ్చేది ఆయన కాబట్టి నా అభిప్రాయం కూడా అదే.

జలపాతం దానంతటదే దూకుతుందని టూరిస్టులు అనుకుంటారు. పైన నీళ్లు ఆపి, నిండాక వదిలితేనే అది జలపాతం. ఆ నిండడం రోజుకో వేళకి. చక్రం తిప్పేది మా తమ్ముడు, అంతకు ముందు సైరన్ మోగించేదీ వాడే. ఊరు జలపాతం మీద బతుకుతుంటే జలపాతం మా వాడి చేతి మీద బతుకుతోందని వాడి ఎదుట అంటే సిగ్గుపడిపోతాడు.

మంగళవారం

వరసగా రాసుకోవాలి. లేకపోతే నిద్ర పట్టదు.

పొద్దున హంసాయన వచ్చాడు. చెరువులో తొక్కుడు పడవలు నడుపుతాడు కదా, అన్నీ హంస ఆకారంలో ఉంటాయి, ఆ పేరే ఆయనకి అంటుకుంది. ప్రకటన వేయాలట. ఆఫీసు గుమ్మంలో నిలబడి మొదలుపెట్టాడు. “పాతవాటికే రంగు వేయించా, ముక్కులు ఎర్రగా కొట్టించా, పిల్లలు ముక్కు చూసి ఎక్కుతారు, పెద్దాళ్లు పిల్లల్ని చూసి ఎక్కుతారు, ఇందులో మునిగేదేమైనా ఉంటే నా జేబేనని రాయండి మేడం, నవ్వుకుంటూ వస్తారు.” ఏకబిగిన చెప్పాడు. ఈయనకి ఊపిరి అక్కర్లేదా అనుకున్నాను. సగంలో నీళ్ల చప్పుడు పెరిగింది, ఆయనా గొంతు పెంచాడు, నేను నవ్వుతూ రాసుకుంటున్నాను.

అప్పుడు కింద నుంచి అరుపులు వినిపించాయి.

రాళ్ల మీద ఒక అమ్మాయి ఉందట. జలపాతాన్ని కింద నుంచి ఫోటో తీయడానికి దిగింది. వాళ్ల నాన్నకి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేక టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు. ఆయనకి చూపించడానికే దిగింది. నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి.

సాయంత్రం దాకా వెతికారు. దొరకలేదు.

బుధవారం

దొరకలేదు.

ప్రెసిడెంటు ఆఫీసుకి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. నేను నిలబడి ఆయన చెప్పింది రాసుకున్నాను. “హెచ్చరిక సైరన్ మోగినప్పటికీ పట్టించుకోకుండా రాళ్లపైకి వెళ్లిన ఒక సందర్శకురాలు.” పేరు వద్దన్నాడు. పేజీ చివర్లో, గొడుగు వార్త కింద.

“మోగింది కదండీ?” అన్నాను.

“మోగకుండా గేటు ఎత్తుతాడా మీ తమ్ముడు? ఏంటి మేడం, మీరే అడుగుతారు?”

నిజమే. నేనే అడగడమేమిటి?

గురువారం

తమ్ముడు వచ్చాడు. విచారణ అయ్యేదాకా వాడిని ఇంట్లో ఉండమన్నారు, గేటు దగ్గర వేరే మనిషిని పెట్టారు. గడ్డం పెరిగింది. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు, వాడు అలా ఎప్పుడూ చేయడు.

“అక్కా, నువ్వు విన్నావు కదా?”

“ఏం?”

“సైరన్.”

“విన్నాను.”

“హమ్మయ్య.” గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. “నాకు గుర్తు రావడం లేదక్కా. రోజూ చేసేదే కదా. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. తాళం వేసి వచ్చామో లేదో గుర్తుండదు చూడు, అలాగ. నువ్వు విన్నానంటేనే నేను మోగించినట్టు.”

అన్నం పెట్టాను. కెలికి లేచిపోయాడు.

వాడు వెళ్లాక కూర్చుని గుర్తు చేసుకున్నాను. హంసాయన గుమ్మంలో నిలబడ్డాడు. పాతవాటికే రంగు వేయించా, ముక్కులు ఎర్రగా కొట్టించా, అన్నాడు. అక్కడ ఆగాడు. అవును, ముక్కుల దగ్గర ఆగాడు. నేను పెన్ను ఎత్తి పట్టుకున్నాను. సైరన్ అయిపోయాక పిల్లల సంగతి ఎత్తాడు. మంగళవారం కంగారులో రాశాను, ఆ ముక్క వదిలేసి ఉంటాను.

శుక్రవారం

అమ్మాయి దొరికింది. చెరువు అంచున, హంసాయన పడవలు కట్టే చోట. ఆయన మూడంకె వేసి గట్టు మీద పడుకుండిపోయాడట. ఈ రోజు పడవలు తిప్పలేదు.

ఆ అమ్మాయి వాళ్ల నాన్నని మొదటిసారి దగ్గర నుంచి చూశాను. డ్రాయింగు మాష్టారుగా చేసి రిటైరయ్యారట. లాడ్జి మెట్ల మీద కూర్చుని ఉన్నారు, ఒళ్లో అమ్మాయి హ్యాండ్‌బ్యాగు. దాని జిప్పు తీస్తున్నారు, వేస్తున్నారు. ఏమైనా తింటారా అని టీ కొట్టాయన అడిగితే, “మా అమ్మాయి వచ్చాక” అన్నారు. తర్వాత తానేమన్నారో ఆయనకే తెలిసి తల దించుకున్నారు. నేను ఇంటికి వచ్చేసి తలుపు వేసుకుని ఏడ్చాను.

శనివారం

విన్నాను.

ఆదివారం

మరదలు ఫోను చేసింది. “వదినా, మీరొకసారి రండి. ఈయన వాలకం నాకేం బాగోలేదు.”

వెళ్లేసరికి తమ్ముడు వంటగదిలో ఉన్నాడు. స్టవ్వుకి ఎదురుగా నిలబడి గాలిలో చేతులు తిప్పుతున్నాడు. నన్ను చూసి, “చూడక్కా, గేటు గదిలో నేను చేసేది చూపిస్తాను” అన్నాడు. “తాళం తీస్తాను. మీటరు చూస్తాను. ఇదిగో, ఇటు సైరన్ స్విచ్. తర్వాత చక్రం.”

బాగానే చేశాడు. స్విచ్ దగ్గర చెయ్యి ఎత్తాడు, నొక్కాడు.

“ఈసారి మాట్లాడకుండా చేసి చూపించు” అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

తాళం తీశాడు. మీటరు చూశాడు. చక్రం తిప్పాడు.

మరదలు కూరగాయలు తరుగుతోంది, చూడలేదు. వాడు చేతులు దులుపుకుని నా వైపు తిరిగాడు. “చూశావా? చేతికి అలవాటు. తప్పమన్నా తప్పదు.”

“అవునురా” అన్నాను.

మూడోసారి కూడా చేసి చూపించాడు. అప్పుడు సరిగ్గానే చేశాడు. మూడింట్లో రెండుసార్లు సరిగ్గానే చేశాడు.

అమ్మ పోయినప్పుడు వీడు ఎంతవాడని. నా కొంగు చివర చూపుడు వేలికి చుట్టుకుని పడుకునేవాడు. ఇప్పుడు వీడిని జైలుకి పంపితే ఆ అమ్మాయి తిరిగి వస్తుందా? రాదు. ఇంక ఆలోచించేదేముంది?

సోమవారం

మాష్టారు ఆఫీసుకి వచ్చారు. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నారు. చేతిలో మా పేజీ ఉంది, నాలుగు మడతలు పెట్టి.

“అమ్మా, ఇది మీరే రాశారట.”

“అవునండీ.”

“గొడవ పెట్టుకోవడానికి రాలేదు తల్లీ. ఎవరి మీదా నాకు కోపం లేదు. ఒక్క మాట తీయించండి. ‘పట్టించుకోకుండా’ అని ఉంది. మా అమ్మాయి అలాంటిది కాదు. ఈ వయసులో కూడా రోడ్డు దాటాలంటే నా చెయ్యి పట్టుకుని ఆపుతుంది, నాన్నా ఆగు, బండి వస్తోంది అని. సైరన్ మోగితే పరిగెత్తుకుని వచ్చేసేది. రేపు విచారణకి వచ్చే ఆఫీసరు రిపోర్టులో కూడా ఇదే మాట ఎక్కుతుందంటున్నారు. తన తప్పు వల్లే పోయిందని కాగితాల్లో ఉండిపోతుంది. అదొక్కటీ…”

సైరన్ మోగింది. కొత్త మనిషి మోగిస్తున్నాడు, కాస్త ఎక్కువసేపు. నేను ఆగిపోయాను. కిటికీ బయట వీధి ఆగిపోయింది. టీ కొట్టాయన గరిటె గాలిలో ఉంది. హంసాయన ఎవరితోనో గొడవ పడుతూ వేలు చూపించినవాడు చూపించినట్టే ఉండిపోయాడు.

మాష్టారు ఆగలేదు. బయటి ఊరి మనిషి కదా. చెప్పుకుంటూ పోయారు. పెదవులు కదులుతున్నాయి, ఒక్క ముక్క వినపడలేదు. చెయ్యి చాచి ఏదో ఎత్తు చూపించారు, ఆ అమ్మాయి చిన్నప్పటి ఎత్తనుకుంటా. కళ్లు తుడుచుకున్నారు. నేను తల ఊపుతూ కూర్చున్నాను.

సైరన్ ఆగింది. వీధి మళ్లీ మొదలైంది. ఆయన ఆశ్చర్యంగా కిటికీలోంచి చూశారు.

“అందరూ ఎందుకు ఆగిపోయారమ్మా?”

“అది మా ఊరి అలవాటండీ. సైరన్ మోగితే మాట ఆపేస్తాం.”

“రోజూనా?”

“రోజూ.”

ఆయన పేజీని ఇంకో మడత పెట్టారు.

“ఆ రోజు నేను టీ కొట్టు దగ్గరే ఉన్నాను కదమ్మా. ఆ టీ ఆయన నాకు జలపాతం కథ చెబుతున్నాడు. ఏదో సినిమా షూటింగు జరిగిందనీ, హీరోయిన్ మెట్ల మీద జారిపడిందనీ. మా అమ్మాయి కిందికి దిగినప్పుడు మొదలుపెట్టాడు. అరుపులు వినిపించేదాకా చెబుతూనే ఉన్నాడు.” నా ముఖంలోకి చూశారు. “ఎక్కడా ఆగలేదమ్మా.”

నేను పెన్నుకి మూత పెట్టాను.

ఆయన లేచి, కుర్చీని బల్ల కిందికి జరిపి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఆ కుర్చీని అలా జరిపి వెళ్లినవాళ్లు ఇన్నేళ్లలో ఎవరూ లేరు.

మంగళవారం

విచారణ పంచాయతీ హాల్లో జరిగింది. ఆఫీసరు మర్యాదస్తుడే. ఫ్యాను కింద కుర్చీ వేయించాడు.

నాకంటే ముందు టీ కొట్టాయన చెప్పాడట, హీరోయిన్ జారిపడిన చోట ఆగానని. మాష్టారు చెప్పింది కూడా రాసుకున్నారట. దుఃఖంలో ఉన్న మనిషి, ఏం గుర్తుంటుంది పాపం, అన్నాడు ప్రెసిడెంటు వరండాలో. హంసాయన నా చెవి దగ్గరికి వచ్చి, “నేను జేబు దగ్గర ఆగాను కదా మేడం, అదే చెప్పాను” అన్నాడు. ముక్కుల దగ్గర అనబోయి ఊరుకున్నాను. ఆయన అబద్ధమాడుతున్నాడని అనను. వారం రోజులుగా అందరూ అడుగుతుంటే ఎక్కడో ఒకచోట ఆగక ఏం చేస్తాడు?

“మీరు సైరన్ విన్నారా?”

“విన్నాను.”

“అప్పుడు ఏం చేస్తున్నారు?”

“ఒకాయన ప్రకటన చెబుతున్నారు. సైరన్ మోగితే ఆగారు. జేబు దగ్గర.”

రాసుకున్నాడు. సంతకం పెట్టాను. గుమ్మం దగ్గర మాష్టారు పక్కకి జరిగి నాకు దారి ఇచ్చారు.

బుధవారం

మాష్టారు పొద్దున బస్సుకి వెళ్లిపోయారు. అమ్మాయి బ్యాగు భుజానికి తగిలించుకున్నారట. టీ కొట్టాయన చెప్పాడు.

శుక్రవారం

రిపోర్టు వచ్చింది. ‘పట్టించుకోకుండా’ అన్న మాట ఉంది.

తమ్ముడు గడ్డం గీసుకుని వచ్చాడు. రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు. సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారట. తింటూ తింటూ తలెత్తకుండా అడిగాడు.

“అక్కా, నాకోసం చెప్పావా? నిజంగానే విన్నావా?”

“పిచ్చివాడా. వినకపోతే విన్నానని చెబుతానా?”

ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు నా వంకే చూశాడు. తర్వాత తిన్నాడు.

వంటగదిలో మూడింట్లో రెండుసార్లు సరిగ్గానే చేశాడు. పైగా ఇంత జరిగాక ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు. ఇంకెప్పుడూ మరిచిపోడు. ఆఫీసరుకి తెలియని సంగతులు నాకు తెలుసు, వాడిని పెంచింది నేను.

ఆదివారం

మరదలు చెప్పింది, ఈయన నిద్రలో చేతులు ఆడిస్తున్నారు వదినా అని. అదేమైనా రోగమా అని అడిగింది. అలసట అన్నాను.

సోమవారం

ఇది ఉన్నదున్నట్టు రాస్తాను. తర్వాత మార్చుకోవడానికి వీల్లేకుండా.

హంసాయన పడవల్లో ఒకదానికి ఆ అమ్మాయి గుర్తుగా తెల్లరంగు వేయిస్తానని, అది పేజీలో వేయాలని వచ్చాడు. అన్నీ తెల్లవే కదండీ అన్నాను. ముక్కు కూడా తెల్లగా వేయిస్తానన్నాడు. ఇద్దరం ఆఫీసు ముందు నిలబడి ఉన్నాం. వీధి నిండా జనం.

“సరే, ఫోటో కింద మీ నంబరు…” అంటున్నాను. నీళ్ల చప్పుడు మొదలైంది. ముందు సన్నగా, ఆ తర్వాత గట్టిగా.

సైరన్ లేదు.

నేను మాట ఆపేశాను. కావాలనే ఆపేశాను. భయం వేసి కాదు, ఆలోచించే ఆపాను. నేను ఆగితే హంసాయన ఆగుతాడు, ఆయన ఆగితే అందరూ ఆగుతారు, ఆగారంటే మోగినట్టే. అంత దూరం ఆలోచించాను, రెప్పపాటులో.

హంసాయన నన్ను చూసి ఆగాడు. ఆయన్ని చూసి పండ్ల బండి ఆమె ఆగింది. టీ కొట్టాయన గరిటె ఎత్తి పట్టుకున్నాడు. టూరిస్టులు ఫోన్లు పైకి ఎత్తారు. వీధి చివరిదాకా ఒక్కొక్కరే ఆగిపోవడం చూస్తూ నిలబడ్డాను.

అంత నిశ్శబ్దం ఆ వీధిలో నేనెప్పుడూ చూడలేదు. మేం నోరు మూసుకునేది సైరన్ మోగుతున్నప్పుడే కదా. ఈ రోజు అది లేదు, మా మాటలూ లేవు. అందుకే వినిపించింది. కింద రాళ్ల వైపు నుంచి ఒక కేక. మళ్లీ ఒకటి.

అందరం విన్నాం.

హంసాయనే ముందు పరిగెత్తాడు. పడవలు కట్టే తాడు తెచ్చాడు. రాయిని కావలించుకుని ఉన్న ఒకతన్ని నలుగురు కలిసి లాగారు. కాలు విరిగింది. బతికాడు. ఒడ్డున ఉన్న అతని భార్య మా వైపు తిరిగింది.

“సైరన్ మోగాక పైకి రమ్మని బోర్డు పెట్టారు కదండీ. మేం దాని కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాం. ఎందుకు మోగించలేదు?”

“మోగిందమ్మా” అన్నాడు టీ కొట్టాయన. “వీధంతా ఆగాం కదా. మీకు వినపడలేదేమో.”

ఆయన ముఖంలో దాపరికమేమీ లేదు. మోగిందనే అనుకుంటున్నాడు. ఆమె తన చెవుల మీద తనకే అనుమానం వచ్చినట్టు అటూ ఇటూ చూసింది. మాష్టారి అమ్మాయి బతికి ఉంటే ఆమెకీ ఇదే చెప్పేవాళ్లం.

“మోగలేదు” అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

“నేను ఊరికే ఆగాను. నన్ను చూసి మీరు ఆగారు. ఈ రోజు మోగలేదు. ఆ రోజు కూడా మోగలేదు.”

“ఆ రోజు నేను జేబు దగ్గర…” అన్నాడు హంసాయన.

“ఎక్కడా ఆగలేదండీ మీరు. ఏకబిగిన చెప్పారు.”

ఆయన తడి తాడు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి తల కిందికి పైకి ఆడించాడు. ప్రెసిడెంటు మేడం మేడం అంటూ వెంట పడ్డాడు. అక్కడి నుంచే ఆఫీసరుకి ఫోను చేసి, నేను ఇచ్చిన స్టేట్‌మెంట్ అబద్ధమని, రేపు వచ్చి మళ్లీ ఇస్తానని చెప్పాను. మాష్టారికి కూడా చేశాను. అంతా విని, “మంచిదమ్మా” అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది.

తర్వాత గేటు దారి ఎక్కాను.

తమ్ముడు గేటు గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. కింద జనాన్ని కిటికీలోంచి చూసినట్టున్నాడు.

“రాళ్ల మీద ఎవరైనా ఉన్నారా?”

“ఒకతను. బతికాడు.”

“మోగించానా అక్కా?”

“లేదురా.”

“ఆ రోజు?”

ఇల్లు, మరదలు, వాడు తిన్న అన్నం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

“లేదు.”

వాడు ఏడవలేదు. “మోగించలేదని నీ ముఖం చూసే అనుకున్నానక్కా. ఆ వంటగదిలోనే. నువ్వు చెబుతావని చూశాను.” లేచి వెళ్లి స్విచ్ వేశాడు.

సైరన్‌ని అంత దగ్గర నుంచి నేనెప్పుడూ వినలేదు. నేల అదిరింది, పళ్లు అదిరాయి. అలవాటుగా నోరు మూసుకున్నాను. కిటికీలోంచి కింద వీధి కనిపిస్తోంది, చిన్న చిన్న మనుషులు ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోయారు.

తమ్ముడు మాత్రం ఆగలేదు. ఒక చెయ్యి స్విచ్ మీద ఉంచి, నా వైపు చూస్తూ ఏదో చెబుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. చెప్పిందే మళ్లీ చెబుతున్నాడో, చెప్పడానికి అంత ఉందో తెలియదు. చెబుతూనే ఉన్నాడు.

స్విచ్ ఆపాక వాడు అది మళ్లీ చెప్పలేదు. నేనూ అడగలేదు.